ఎవరి పాట వాళ్ళకి

రాజాం,
18 జూన్ 2017, ఆదివారం

అన్నయ్యకి,

నీ చెల్లి లీల రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగోలేదు. ఫోను చేద్దామంటే నువ్వు "ఆఁ? ఏటీ?" అంటావు, నేను అరుస్తాను, పక్కింటివాళ్ళు మనం దెబ్బలాడుకుంటున్నామనుకుంటారు. జూట్ మిల్లు మగ్గాల మోత నీ చెవుల్ని తినేసింది కాబట్టి మనకి కాగితమే గతి.

ఇది ఆదివారం పొద్దున్న. గుడిలో ఆరాధన జరుగుతూ ఉంటుంది. నేను ఇంట్లో కూర్చొని నీకు రాస్తున్నాను. అక్కడే నీకు సగం అర్థమై ఉండాలి.

పోయిన నెల మా పాస్టరు థామస్ గారు నాకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు. "లీలారాణి టీచరుగారు ఇన్నేళ్ళూ మన క్వయరుని నడిపించారు, ఇక విశ్రాంతి తీసుకోవాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూనే కూర్చున్నాను. తర్వాత తెలిసింది, క్వయరు ఫిన్నీకి ఇచ్చేశారని. ఆ పిల్ల ఇక్కడే ఇంజనీరింగ్ చదివింది, కీబోర్డు వాయిస్తుంది. నేను నేర్పిన పిల్లే. "మరి నేనెక్కడ నిలబడాలండీ?" అని అడిగాను. "వెనక వరసలో నిలబడండమ్మా, రెండో గొంతుకి బలంగా ఉంటుంది" అన్నారు పాస్టరుగారు. రెండో గొంతు, అన్నయ్యా! క్రిస్మస్ సోలో నాది కాకుండా ఎప్పుడైనా జరిగిందా?

తర్వాతి వారం వెళ్ళాను, బెంచీలో కూర్చున్నాను. పాట మధ్యలో ఫిన్నీకి శ్రుతి జారింది. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని చూసుకుని భయం కూడా వేసింది. అయినా సంతోషమే ఎక్కువ. ఆ రోజు నుంచి వెళ్ళడం మానేశాను.

మా ఆయన పోయారు, పిల్లలు లేరు, బడి ఉద్యోగం అయిపోయింది. బజారుకి వెళ్తే "పాటల టీచరమ్మ" అని దారి ఇస్తారు. ఆ పాట కూడా తీసేసుకుంటే ఇక నేనెవరిని?

ఇదంతా నీ గుండెలోనే ఉంచుకో. వదినకి నా వందనాలు. మీ పెరట్లో పనస కాయలు దిగాయా?

ఒంటరిగా ఉన్న నీ చెల్లి,
లీల


నెల్లిమర్ల,
29 జూన్ 2017

లీలకి,

అన్న సుందరరావు ఆశీర్వదించి రాయడం ఏమనగా, నీ ఉత్తరం అందింది. చదివాక అన్నం సయించలేదు.

వెనక వరసా? మన లీలా? నాన్న వాకిట్లో కూర్చోబెట్టి నీకు పాట నేర్పేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. మిల్లులో నా తోటివాళ్ళు "సుందరరావు సెల్లెలు పాడితే మగ్గం ఆపేయాలనిపిస్తాదిరా" అనేవారు. ఆ థామస్ గారు ఎన్ని చదువులు చదివాడో నాకు తెలియదు గానీ చెవి మాత్రం నాకంటే మందం.

నువ్వేం బెంగ పెట్టుకోకు. నేను ఊరుకోలేదు. పాస్టరుగారికి పెద్ద ఉత్తరం రాసి పోస్టులో వేసేశాను. మా చెల్లెలు పాడకపోతే రాజాం సంఘంలో పాటే లేదని రాశాను. ఫిన్నీ గురించి కూడా రెండు మాటలు రాశాను. శ్రుతి జారిన సంగతి.

పనసలు మూడు దిగాయి. ఒకటి నక్కలు తినేశాయి. వర్షం పడ్డాక వీధి అంతా బురద. మీ వదినకి మోకాలి నొప్పి, ఎక్కడికీ కదలడం లేదు.

నీ పక్షాన నిలబడినవాడు,
అన్నయ్య


రాజాం,
9 జూలై 2017

అన్నయ్యా,

నా పక్షాన నిలబడి నన్ను నిలువునా ముంచావు.

నీ గుండెలో ఉంచుకోమన్నాను కదా! నువ్వు రాసిన ఉత్తరం కమిటీలో చదివారట. అందరూ నేనే రాయించాననుకుంటున్నారు. ఫిన్నీ ఏడ్చిందట. నిన్న కూరల బజారులో ఆ పిల్ల ఎదురైతే "వందనాలండి టీచర్" అని తల దించుకొని పోయింది. ఇప్పుడు నేను గుడికి ఏ మొహం పెట్టుకొని వెళ్ళను? ఇదివరకు కోపంతో వెళ్ళలేదు, ఇప్పుడు సిగ్గుతో వెళ్ళలేను.

ఇక్కడ ఇంకొక సంగతి జరిగింది. ఎదురింటి కూర్మమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. మా ఆయన పోయినప్పుడు నువ్వు వస్తే అంబలి తెచ్చి ఇచ్చింది, గట్టిగా మాట్లాడే మనిషి. పశువుల శాలలో పడిపోయింది. పక్షవాతం. విజయనగరం ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చారు. కుడి చెయ్యీ కాలూ కొంచెం కొంచెం కదులుతున్నాయి గానీ మాట పూర్తిగా పోయింది. ఏది అడిగినా "తా తా తా" అంటుంది, అంతే.

చూడకపోతే బాగోదని వెళ్ళాను. వాళ్ళ అబ్బాయి మురళీమోహన్, ఆ ధాన్యం వ్యాపారం చేసే అబ్బాయి, గుమ్మంలోనే ఎదురొచ్చి "సూసెల్లండి టీచరమ్మా, కాదనను. గానీ పార్తనలు గట్రా మా ఇంట్లో వద్దు" అన్నాడు. నేను నోరు తెరవకముందే! నేను తిరిగి వచ్చేశాను. గుడిలో నాకు చోటు లేదు. ఎదురింట్లో నాకు చోటు లేదు. నా బతుకు ఇలా అయిందేమిటా అని సాయంత్రమంతా ఏడుస్తూ కూర్చున్నాను.

దయచేసి ఇంకెవరికీ ఉత్తరాలు రాయకు.

లీల


నెల్లిమర్ల,
20 జూలై 2017

లీలమ్మకి,

తప్పయింది. ఆవేశపడ్డాను. ఫిన్నీకి క్షమించమని రాద్దామనుకున్నాను, నువ్వు ఇంకెవరికీ రాయొద్దన్నావు కదా అని ఆగాను.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. మీ వదినకి చదువు రాదు కదా, నీ ఉత్తరాలు నేను చదివి వినిపిస్తాను. నా చెవులకి నా గొంతే వినపడదు కాబట్టి గట్టిగా చదువుతాను. ఎదురింటివాళ్ళు కూడా వింటారు, ఏం చెయ్యను. అంతా విని మీ వదిన అంది: "పడిపోనాది కూర్మమ్మ. ఏడుస్తన్నాది మాత్రం లీల. ఇదేటండీ?"

నేను ఆవిడని కసిరాను. కానీ ఆ మాట నా లోపల తిరుగుతూనే ఉంది. ఆవిడ అనింది కాబట్టి రాస్తున్నాను, నేను అన్నది కాదు.

కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చేయ్. మా సంఘంలో నిన్ను ముందు వరసలో నిలబెడతారు. నేను మాట్లాడతాను.

అన్నయ్య


రాజాం,
6 ఆగస్టు 2017

అన్నయ్యకి, వదినకి,

వదిన మాట చదివి ఉత్తరం ముక్కలు చేసి పారేద్దామనుకున్నాను. రెండు రోజులు మీ ఇద్దరి మీదా కోపంగా ఉన్నాను. మూడో రోజున లేచి ఎదురింటికి వెళ్ళాను. కాబట్టి, వదినా, నీకు వందనాలు. కానీ నా ఉత్తరాలు వీధంతా వినేలా ఎందుకు చదివావు అన్నయ్యా?

ఇప్పుడు నేను రాసేది నెమ్మదిగా చదువు.

ఇక్కడ ఉభాలు మొదలయ్యాయి. కూర్మమ్మ కోడలు పద్మకుమారికి పొలంలో నాట్లు చూసుకోవాలి, ఇంట్లో అత్తని చూసుకోవాలి. మురళి పొద్దున్న పోతే రాత్రికి గానీ రాడు. "నేను కూర్చుంటాను, నువ్వు వెళ్ళిరా" అన్నాను పద్మతో. ఆ అమ్మాయి మొగుడి మాట తలచుకొని కాస్త వెనకాడింది. అవసరం అలాంటిది, సరేనంది.

కూర్మమ్మ పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలి? తను "తా తా" అంటుంది, నాకు అర్థం కాదు, తనకి కోపం వస్తుంది, ఎడమచేత్తో మంచం కొడుతుంది. కళ్ళ నిండా నీళ్ళు. ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి, అన్నయ్యా. నేను అలవాటుగా ఒక కీర్తన కూనిరాగం తీశాను. తను నా వైపు పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

అప్పుడు వీధిలో ట్రాక్టరు మీద నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు పాడుకుంటూ పోతున్నారు.

వంగి నాటే సిన్నదానా, వరస తప్పకే
మబ్బు తెచ్చిన నీరు సూసి మురిసిపోకే

అని ఒకావిడ అందుకుంటే, "ఓ వదినమ్మా" అని మిగతావాళ్ళు అంటున్నారు. మంచం మీదనుంచి ఇంకొక గొంతు వచ్చింది. "ఓ వదినమ్మా." తిన్నగా, స్పష్టంగా. నేను తిరిగి చూసేసరికి కూర్మమ్మ నోరు తెరిచి ఉంది. తనకి కూడా ఆశ్చర్యమే. ట్రాక్టరు మలుపు తిరిగి పోయింది. నేను ఆ ముక్క మళ్ళీ పాడాను. తను మళ్ళీ అంది. "కూర్మమ్మా, నీ పేరేమిటి?" అని అడిగాను. "తా తా." పాడితే మాట ఉంది, మాట్లాడితే లేదు!

పద్మ వచ్చాక చెప్తే నమ్మలేదు. పాడి చూపిస్తే, అత్త నోట "వదినమ్మా" విని అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. విజయనగరం డాక్టరుగారికి ఫోను చేసింది. మాట ఉండే చోటు దెబ్బ తిన్నా పాట ఉండే చోటు ఒక్కోసారి బాగానే ఉంటుందని, రోజూ పాడించమని, పాట నుంచి నెమ్మదిగా మాటకి తేవచ్చని ఆయన చెప్పారట.

అయితే చిక్కేమిటంటే నాకు వచ్చిన పాటలు తనకి రావు, తనవి నాకు రావు. తనకి పుట్టినప్పటినుంచి నోట్లో ఉన్న పాటలే కావాలి. నాట్ల పాటలు పాడే బుల్లమ్మని గట్టు మీద కూర్చొని నేర్పమని అడిగాను. నేను పాడుతుంటే మడిలో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. "గుడిలో పాడినట్టు పాడతన్నారు టీచరమ్మా! సాగదీయకండి, పక్క మడిలో మనిషిని పిలిసినట్టు పిలవండి!" అంది బుల్లమ్మ. నా సంగతి నీకు తెలుసు కదా, ఇంకోచోటైతే లేచి వచ్చేసేదాన్ని. అక్కడ బురద కాళ్ళతో కూర్చొని నేర్చుకున్నాను. మంచం మీద ఆ మనిషి ఎదురు చూస్తుంటుంది మరి.

నెల్లిమర్ల ఇప్పుడు రాలేను. కూర్మమ్మకి ఈ రోజు రెండో చరణం అందింది.

లీల


బొబ్బిలి,
24 ఆగస్టు 2017

లీలకి,

మీ వదిన మోకాలి నొప్పితోనే మా అమ్మాయి గ్లోరీ పురిటికని బొబ్బిలి వచ్చి ఉన్నాము. మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ సంతోషంలో ఉండగా ఇక్కడ ఒక పెళ్ళిలో రాజాం మనిషి ఒకాయన కలిశాడు. ఆయన చెప్పిన మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు సంఘం పూర్తిగా మానేశావట. పొలం గట్ల మీద కూర్చొని జాతర పాటలు పాడుతున్నావట. ఎదురింటివాళ్ళ దేవుళ్ళకి దణ్ణాలు పెడుతున్నావని కూడా అన్నాడు. నేను అరిచి, వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ అదే చెప్పాడు.

ఒక వరస వెనక్కి జరగమన్నారని దేవుణ్ణే వదిలేస్తావా? నాన్న బతికి ఉంటే ఏమనేవాడు? చిన్నప్పటినుంచి నిన్ను నెత్తిన పెట్టుకున్నాము. అదే మా తప్పు. నీకు దేవుడికంటే పాటే ఎక్కువ, పాటకంటే నిన్ను మెచ్చుకోవడమే ఎక్కువ.

ఇంతకంటే రాయలేను.

సుందరరావు


రాజాం,
3 సెప్టెంబరు 2017

అన్నయ్యా,

నేను పోయిన నెల ఆరో తారీఖున రాసిన ఉత్తరం నెల్లిమర్లలో నీ తలుపు సందున పడి ఉంటుంది. ముందు అది చదువు, తర్వాత నన్ను తిట్టు. దేవుణ్ణి వదల్లేదు. పాడుతున్నవి నాట్ల పాటలు.

అయినా నీ ఉత్తరంలో చివరి ముక్క నిజం. మెచ్చుకోవడం సంగతి.

నీ ఉత్తరం అందిన రోజునే ఇంకొకటి కూడా జరిగింది. మురళీమోహన్ మధ్యాహ్నం పని తొందరగా అయిపోయి ఇంటికొచ్చాడు. నేను వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకొని తాళం వేయిస్తున్నాను. ఇంతెత్తున లేచాడు.

"నాను వద్దన్నాను గదా! మా అమ్మ నోరు పడిపోనాదని, అదను సూసుకొని మతంలో కలిపేద్దామనేటి?"

"నేను పాడుతున్నది మీ అమ్మ పాటే బాబూ" అన్నాను.

"ఈవేళ ఆ పాట, రేపు మీ పాట. నాకు తెల్దేటి? ఇంక మా గుమ్మం ఎక్కొద్దు."

పద్మ ఏదో చెప్పబోతే దాని మీద కసిరాడు. కూర్మమ్మ "తా తా తా" అని ఏడుస్తూనే ఉంది. నేను చెప్పులేసుకొని వచ్చేశాను.

చూశావా, ఎదురింటివాళ్ళకి నేను మతం మార్చడానికి వచ్చినదాన్ని. మన సంఘంలో మతం మారిపోయినదాన్ని. ఇదివరకటి లీల అయితే మంచం ఎక్కి దుప్పటి కప్పుకునేది. ఆ దుప్పటి కప్పుకునే ముందు మోకరించాను, ప్రభువుతో నా మొర చెప్పుకుందామని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "ప్రభువా, ఆ మనిషికి మాట రావాలి. నా చేత కాకపోతే ఇంకొకరి చేత. నాకు తెలియకపోయినా సరే." అంత వరకూ అని ఆగిపోయాను. ఈ మధ్య నా ప్రార్థనలో నేను లేకపోవడం ఇదే మొదలు. లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉంది, జ్వరం దిగినట్టు.

మర్నాడు పద్మ నీళ్ళ కుళాయి దగ్గర కలిసింది. "నువ్వు నేర్చుకో, నువ్వే పాడించు" అన్నాను. "నాకు పాట రాదు టీచరమ్మా, నా గొంతు కాకి గొంతు" అంది. "మీ అత్తకి కోకిల అక్కర్లేదు, కోడలు చాలు" అన్నాను. ఇప్పుడు రోజూ నీళ్ళకి వచ్చినప్పుడు కుళాయి దగ్గర ఒక ముక్క నేర్పుతున్నాను. బిందె నిండేసరికి ఒక చరణం. ఆ గొంతు నిజంగానే కాకి గొంతు, అన్నయ్యా. వింటుంటే నాకు ఎంత ముద్దొస్తుందో చెప్పలేను.

మనవరాలికి నా ముద్దులు. పేరు ఏం పెట్టారు?

లీల


నెల్లిమర్ల,
17 సెప్టెంబరు 2017

నా చెల్లెలు లీలకి,

ఇంటికి వచ్చి నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చదివాను. ఈసారి నెమ్మదిగా చదివాను, తలుపు వేసుకొని. మీ వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

ఎవడో చెప్పిన మాట పట్టుకొని నిన్ను అన్నాను. నన్ను క్షమించు.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను, నువ్వప్పటికి చాలా చిన్నదానివి. నాన్న ఊరూరా తిరిగి సువార్త చెప్పేవాడు కదా. ఒకసారి నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో అందరికీ జ్వరాలు, నీళ్ళు తెచ్చేవాళ్ళు లేరు. నాన్న పొద్దంతా వాళ్ళకి కావిడితో నీళ్ళు మోశాడు. ఒక్క పాట పాడలేదు, ఒక్క వాక్యం చెప్పలేదు. తిరిగి వస్తుంటే "మరి నువ్వు ఏటీ సెప్పనేదేటి నాన్నా?" అని అడిగాను. "ఈవేళ నోటికి సెలవురా. భుజాలకి పని" అన్నాడు. అప్పుడు నాకు అది సోమరితనంలా తోచింది, ఎందుకంటే నేను ఆయన పాడితే విందామని వెళ్ళాను.

పాప పేరు ఇంకా పెట్టలేదు, రెండు కుటుంబాలూ దెబ్బలాడుకుంటున్నాయి. నేను మధ్యలో దూరడం లేదు. నాకు వినపడనట్టు ఉంటున్నాను.

కూర్మమ్మ కోసం మేమిద్దరం రోజూ ప్రార్థన చేస్తున్నాము.

అన్నయ్య


రాజాం,
29 అక్టోబరు 2017

అన్నయ్యకి, వదినకి,

ప్రభువుకి స్తోత్రం. ఇది ఇద్దరూ కూర్చొని, తలుపులు బార్లా తీసుకొని, గట్టిగా చదవండి. వీధి వింటే విననీ.

పోయిన గురువారం సాయంత్రం వీధి తలుపు దబదబా కొట్టారు. తీస్తే మురళీమోహన్. చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా లేవు. ఆవిడకి ఏమైందో అనుకున్నాను.

"టీచరమ్మా, బేగి రండి. అమ్మ..." అంటూనే వెనక్కి పరిగెత్తాడు.

జరిగింది ఇది. ఆ అబ్బాయి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చొని చెప్పులు విప్పుతున్నాడట. లోపలనుంచి పాట వినిపించింది. పద్మ పాడిస్తోందనుకున్నాడు. కానీ పద్మ పెరట్లో ఉంది. లోపల తల్లి ఒక్కతే, గుమ్మం వైపు చూస్తూ, నాట్ల పాట వరస మీద పాడుతోంది:

తిన్నావేట్రా మురళీ... తిన్నావేట్రా...

పద్మ కొన్ని రోజులుగా పాటలో మాటలు తీసేసి ఇంట్లో మాటలు పెడుతోందట. "నీళ్ళు తాగుతా", "కాలు నొప్పి", "కూర బాగుంది" అన్నీ ఆ వరసలోనే. ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. కొడుకు అడుగుల చప్పుడు విని ఆ తల్లి తనంతట తనే కట్టుకుంది.

నేను వెళ్ళేసరికి అతను మంచం పట్టె దగ్గర కింద కూర్చొని "తిన్నానమ్మా, తిన్నాను" అంటున్నాడు. ఏమీ తినలేదని పద్మ నా చెవిలో చెప్పింది. నన్ను చూసి కూర్మమ్మ నవ్వింది. మూతి ఒక పక్కకే వెళ్తుంది గానీ నవ్వే. "రాయే... టీచరమ్మా..." అని పాడింది.

తర్వాత మురళి అరుగు మీదకి వచ్చి "కుళాయి కాడ మీరే నేర్పారంట. ఇది సెప్పనేదు నాకు" అన్నాడు. తిట్టింది తప్పని చెప్పుకోలేక నేల చూస్తున్నాడు. నేను అన్నాను, "నీ దగ్గర దాపరికం ఎందుకు బాబూ? నేను మీ అమ్మ కోసం రోజూ నా ఇంట్లో మోకరించి ప్రార్థన చేస్తున్నాను. నీ గుమ్మంలో చెయ్యను, నిన్నూ రమ్మనను. కానీ మానను" అని. "సేసుకోండమ్మా. మా అమ్మ కోసం ఎవుల్లు ఎవుల్లకి మొక్కినా మంచిదే గదా" అన్నాడు.

ఆదివారం గుడికి వెళ్ళాను. ముందు ఫిన్నీ దగ్గరికి వెళ్ళి, "నీ శ్రుతి జారితే సంతోషించాను తల్లీ, నన్ను క్షమించు" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి, "మీరు అక్కడ కూర్చుంటే భయంతోనే జారింది టీచర్" అంది. ఇద్దరం నవ్వాము. పాస్టరుగారు కూడా వచ్చి, శాలువా కప్పే ముందు మీతో కూర్చొని మాట్లాడి ఉండాల్సింది అన్నారు. ఇప్పుడు ఆయన మీద నాకు ఏమీ లేదు. వెతికాను, నిజంగానే ఏమీ లేదు.

అన్నయ్యా, ఇన్నేళ్ళు సంఘం ముందు నిలబడి పాడాను. పాట అయ్యాక అందరి మొహాలూ చూసేదాన్ని, బాగుందన్నారా లేదా అని. ఎంత బాగుందన్నా ఇంటికి వచ్చేసరికి ఖాళీగానే ఉండేది. మళ్ళీ ఆదివారం కోసం ఎదురు చూపు. ఆ గురువారం నేను ఒక్క ముక్క పాడలేదు. రాత్రి అన్నం కలుపుకుంటుంటే కడుపు ముందే నిండినట్టుంది. ప్రభువు నన్ను నా దగ్గరనుంచి తప్పించాడు. ఇంతకంటే బాగా రాయడం నాకు రాదు.

మీ లీల


నెల్లిమర్ల,
4 డిసెంబరు 2017

లీలమ్మకి,

నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివాను. వీధిలో ఇద్దరు ఆగి విన్నారు, ఒకామె ఏడ్చింది. మీ వదిన "నా మాట వల్లే గదా ఇదంతా" అని ఆ రోజంతా రాణిలా తిరిగింది.

క్రిస్మస్‌కి రాజాం వద్దామనుకున్నాం గానీ మోకాలు బస్సు ఎక్కనివ్వడం లేదు. పాస్టరుగారు ఈసారి సోలో నిన్నే పాడమన్నారని విన్నాను. నిజమేనా? పాడతావా లేదా రాయి. ఈసారి నేను ఎవరికీ ఏమీ రాయలేదు, ఒట్టు.

పాపకి మెర్సీ అని పెట్టారు.

అన్నయ్య


రాజాం,
26 డిసెంబరు 2017

అన్నయ్యకి, వదినకి, చిన్న మెర్సీకి,

క్రిస్మస్ బాగా జరిగింది. అడిగావు కాబట్టి చెప్తున్నాను. పాస్టరుగారు అడిగిన మాట నిజం. పాడాలనిపించింది కూడా, అబద్ధం ఎందుకు. కానీ ఫిన్నీ రెండు నెలలుగా సాధన చేస్తోంది. ఆ పిల్లే పాడింది. చాలా బాగా పాడింది. నేను అందరితో కలిసి పాడాను.

అసలు నీకు రాయాలనుకున్నది దాని తర్వాత సంగతి.

ఆరాధన అయి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. చీపురుపల్లి దారిలో ఒక పల్లె నుంచి ఆటో కట్టించుకొని వచ్చింది. "మాటలు పలికించే ఆవిడ ఎవులండీ?" అని వచ్చినవాళ్ళందర్నీ అడుగుతోంది. మురళీమోహన్ ధాన్యం కోసం వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు చెప్పాడట. వాళ్ళ నాన్న నూకయ్యకి మాట పడిపోయి నెలలవుతోంది. కట్టుకున్న పట్టుచీరతోనే ఆటో ఎక్కాను.

నూకయ్య వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. చుట్టూ జనం. నాట్ల పాట పాడాను, కదల్లేదు. జోలపాట పాడాను, కదల్లేదు. భజన పాట వచ్చినట్టు పాడాను, మొహం తిప్పుకున్నాడు. "ఈయన ఏం పాటలు పాడేవాడమ్మా?" అని కూతుర్ని అడిగితే, "మా అయ్యకి పాటలేటి రావండి. సైకిలు మీద ఉప్పు అమ్మేవోడు" అంది.

"ఉప్పు ఎలా అమ్మేవాడు? ఎలా కేకేసేవాడు?"

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ చెవిలో చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. పట్టుచీర, తలలో పూలు, చేతిలో బైబిలు, క్రిస్మస్ మధ్యాహ్నం, ఊరంతా చూస్తుంటే గొంతెత్తి అరిచాను:

"ఉప్పోయ్... కల్లుప్పోయ్... ఉప్పమ్మా ఉప్పూ..."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మళ్ళీ అరిచాను. సాగదీయకుండా, పక్క వీధిలో మనిషిని పిలిచినట్టు. మూడోసారో నాలుగోసారో నూకయ్య మంచం మీద నుంచి తల ఎత్తాడు. నా వైపు చాలా కోపంగా చూశాడు. బహుశా నేను తప్పు అరుస్తున్నానేమో. నోరు తెరిచి, నా కేకని మింగేసేటంత గట్టిగా,

"ఉప్పోయ్!"

అన్నాడు. ఊరి కుక్కలన్నీ మొరిగాయి. పక్కింట్లోనుంచి ఒక ముసలావిడ, ఏ పరధ్యానంలో ఉందో, గిన్నె పట్టుకొని బయటికి వచ్చేసింది.

రేపు మళ్ళీ వెళ్తున్నాను.

సంతోషంతో,
లీల